కంటి పొరలలోని జింకు: ఒక కొలతపై విమర్శ

తోటకూర, మునగాకు, బొప్పాయి కంటికి మంచివని చెప్పు పాఠము మన ఉన్నత పాఠశాలలలో చిరకాలముగా నున్నదే. ఇటీవల ఆ పాఠమునకు ఇంకొక వాక్యము తోడైనది. "కంటి దృష్టిపటలములో జింకు అధికముగా నున్నది. కావున చూపునకు జింకు అవసరము. కావున జింకు మాత్రలు రేచీకటిని పోగొట్టును." గైడు పుస్తకములలోను, మాత్రల ప్రకటనలలోను ఈ ధోరణి తరచు కనబడుచున్నది. ఒకనాడు తరగతిలో ఈ మాట వచ్చినప్పుడు వెనుక బల్లమీది విద్యార్థి యొకడు లేచి, "మేష్టారూ, ఉల్లిపొర కంటె పలుచనైన ఆ పొరలో జింకుందని ఎలా కొలిచారండీ?" అని అడిగినాడు. నాకు తెలిసిన యంత్రము పేరు చెప్పి కూర్చుండబెట్టితిని. అది సమాధానము కాదని ఆ సాయంకాలమే తోచినది. యంత్రము అంకెను మాత్రమే ఇచ్చును. ఆ అంకె దేనికి చెందినదో యంత్రమునకు తెలియదు.

పై వాక్యములో రెండు "కావున"లున్నవి. శాస్త్రములో పొరపాట్లు సాధారణముగా అంకెలలో కంటె ఈ "కావున"లలోనే దాగి యుండును. కాంతిని గ్రహించు పొరలలో లేశమాత్రముగా నుండు లోహములను కొలిచిన పరిశోధనలను, వాటినుండి తీసిన నిర్ణయములను కొంచెము తూచి చూచుటయే ఈ వ్యాసముయొక్క పని. విమర్శ యనగా దూషణ కాదు. చెరిగి పొల్లు తీసివేయుట మాత్రమే.

కొలవదగిన వస్తువు ఏది?

మన కంటి వెనుకభాగమున దృష్టిపటలము కలదు. అందు మసకవెలుతురులో పనిచేయునవి దండకణములు. ప్రతి దండకణముయొక్క వెలుపలి భాగములో, నాణెములు దొంతి పేర్చినట్లు, వందలకొలది పలుచని బిళ్లలున్నవి. క్షీరదములలో ఒక్కొక్క కణమున ఇవి సుమారు వెయ్యి. కప్పలో రెండువేల వరకు. ఈ బిళ్లల పొరలలో రొడాప్సిన్ అను ఎఱ్ఱని వర్ణపదార్థము నాటుకొని యున్నది. 1876లో ఫ్రాంజ్ బోల్ కప్ప కంటిలోని ఈ రంగు వెలుతురులో వెలిసిపోవుట చూచెను. అనతికాలములోనే విల్హెల్మ్ క్యూనే దానిని పైత్యరసపు లవణములతో కరగించి వేరుచేసెను. 1933లో జార్జి వాల్డ్ దృష్టిపటలములో విటమిన్ ఏ యున్నదని కనుగొనెను. తరువాతి కృషితో కలిపి 1967లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది.

ఇప్పుడు గమనింపవలసిన దేమనగా, "కంటిలో జింకు" అనుట వేరు, "దృష్టిపటలములో జింకు" అనుట వేరు, "రొడాప్సిన్ పొరలో జింకు" అనుట వేరు. రాత్రివేళ వీధికుక్కపై లాంతరు వెలుతురు పడినప్పుడు దాని కన్నులు తళుక్కుమనుట అందరును చూచినదే. ఆ మెఱుపునకు కారణము దృష్టిపటలము వెనుకనున్న ఒక అద్దపు పొర. కుక్కలో ఆ పొర సిస్టీనుతో కూడిన జింకు లవణముతో నిండి, దేహములోనే మిక్కిలి జింకు గల భాగములలో నొకటిగా నున్నది. కాని ఆ జింకు అద్దమునకు చెందినదే గాని కాంతిని గ్రహించు పొరకు చెందినది కాదు. పశువు కంటిలో అట్టి అద్దమే యున్నను అది నారపదార్థముతో నిర్మితమైనది. అనగా ఒక జంతువు కంటి వెనుకభాగమునంతయు కాల్చి బూడిదచేసి కొలిచిన అంకెను, మఱియొక జంతువు దండకణమునకు అంటగట్టరాదు.

మఱియొక పొరుగు కూడ కలదు. దండకణముల కొనలను ఆనుకొని నల్లని రంగుపొర యున్నది. రిచర్డ్ యంగ్ 1967లో చూపినట్లు దండకణములు అడుగున క్రొత్త బిళ్లలను పుట్టించుచు, కొనలనున్న పాతవాటిని వదలుచుండును. వాటిని ఈ రంగుపొర మ్రింగివేయును. ఈ పొరలోని నల్లరంగైన మెలనిన్ జింకును, రాగిని, ఇనుమును, కాల్షియమును గట్టిగా పట్టుకొనును. దృష్టిపటలమును ఒలిచి తీయునప్పుడు ఆ నల్లని రేణువులు కొన్ని వెంట వచ్చుట సహజము. కంటికి కనబడనంత మసి చాలును, లోహపు లెక్కను పైకెత్తుటకు.

ఒక చిన్న లెక్క

పరిశోధకులు ఎక్కువగా వాడునది పశువుల కన్ను. ఒక్కొక్క దృష్టిపటలమునుండి సుమారు 0.6 మిల్లీగ్రాముల రొడాప్సిన్ దొరకునని పెట్టుకొందము. రొడాప్సిన్ అణుభారము సుమారు 40,000. కావున మనకు చిక్కినది 15 నానోమోలులు. అనగా మోలులో వందకోట్ల వంతులు పదునైదు. దీనిని ఒక మిల్లీలీటరు ద్రావణములో కరగించి, ఒక సెంటీమీటరు గాజుపెట్టెలో నుంచి 500 నానోమీటర్ల ఆకుపచ్చ వెలుతురు పంపినచో శోషణము 0.6 వచ్చును. ఇది సుఖముగా కొలువదగిన అంకె.

ఇక ప్రతి రొడాప్సిన్ అణువునకు ఒక జింకు పరమాణువు చొప్పున ఉన్నదనుకొందము. జింకు పరమాణుభారము 65.4. పదునైదు నానోమోలుల జింకు సుమారు ఒక మైక్రోగ్రాము, అనగా గ్రాములో పదిలక్షవ వంతు. ఇది మన కెక్కువలో ఎక్కువ ఆశ. నూఱు రొడాప్సిన్లకు ఒక్క జింకు చొప్పున నున్నచో దొరకునది అందులో నూఱవ వంతు మాత్రమే.

1955లో ఆస్ట్రేలియాకు చెందిన ఆలన్ వాల్ష్ పరమాణు శోషణ వర్ణపట పద్ధతిని ప్రకటించిన తరువాత ఇంత స్వల్పమైన లోహమును పట్టుట సాధ్యమైనది. జింకు ఆవిరి 213.9 నానోమీటర్ల కిరణమును మ్రింగును. ఎంత మ్రింగినదో చూచి ఎంత జింకు ఉన్నదో చెప్పవచ్చును. తరువాత వచ్చిన గ్రాఫైటు కొలిమి ఇంకను సూక్ష్మమైనది. కాబట్టి చిక్కు యంత్రపు మొద్దుతనములో లేదు. దాని చుఱుకుతనములోనే యున్నది. అది పొరలోని జింకును పట్టినట్లే గాజుసీసాలోని జింకును, గాలిలోని జింకును, మన చేతి చెమటలోని జింకును కూడ పట్టును.

జింకు ఎటునుండి వచ్చినది?

దండకణముల పొరలను సిద్ధము చేయు విధానము చూడుడు. మసక ఎఱ్ఱ వెలుతురులో దృష్టిపటలములను తీసి, చక్కెర ద్రావణములో కదలింతురు. దండకణముల కొనలు విరిగి వేరగును. చిక్కదనము క్రమముగా మారు చక్కెర ద్రావణముపై వేసి వేగముగా త్రిప్పినచో అవి ఒక మట్టమున పట్టీగా తేలి నిలుచును. తరువాత పలుమారులు కడుగుదురు. ఇందు ప్రతి మెట్టునను జింకు ప్రవేశింపవచ్చును.

నూఱు మిల్లీలీటర్లలో 40 గ్రాముల చక్కెర కలిపితిమనుకొందము. ఆ చక్కెరలో కోటికి ఒక వంతు జింకు మలినముగా నున్నచో ద్రావణములో చేరినది నాలుగు మైక్రోగ్రాములు. మనము వెదకుచున్నది ఒక మైక్రోగ్రాము! సీసామూతలకు వాడు రబ్బరులో జింకు ఆక్సైడు కలియును. నీళ్లతొట్టి రేకుకు పూత జింకుదే. కుళాయి ఇత్తడిది, ఇత్తడియనగా రాగి, జింకుల మిశ్రమము.

శ్రీకాకుళము జిల్లా బుడితి గ్రామపు ఇత్తడి సామానులు పేరుపొందినవి. అట్టి చెంబునుండి రాలిన ఒక రేణువును తలచుకొనుడు. ఇత్తడిలో నూటికి 30 పాళ్లు జింకు అనుకొన్నచో, ఒక మైక్రోగ్రాము జింకు గల రేణువు బరువు 3.3 మైక్రోగ్రాములు. అది ఘనాకారమైనచో దాని భుజము మిల్లీమీటరులో పదునాల్గవ వంతు. మనిషి తలవెండ్రుక మందమంత. ఆ యొక్క నలుసు నమూనాలో పడినచో, ప్రతి రొడాప్సినుకు ఒక జింకు ఉన్నదని పత్రిక ప్రకటింపవలసివచ్చును! విజయనగరము జిల్లాలో చీపురుపల్లి, గరివిడి ప్రాంతముల మాంగనీసు ఖనిజము నెఱిగినవారికి ఈ మాట వింతగా తోచదు. ఆ దారిలో లారీలు పోవునప్పుడు లేచు ధూళి పడిన బల్లపై మాంగనీసును కొలిచినచో, దొరకునది కణములోని మాంగనీసో, బల్లమీదిదో ఎవరు చెప్పగలరు?

దీనికి మందు లేకపోలేదు. నమూనా లేకుండ, తక్కిన ద్రావణములు, సీసాలు, మెట్లు అన్నియు యథాతథముగా జరిపి వచ్చిన అంకెను ముందు తెలిసికొనవలెను. దీనినే ప్రయోగశాలలో బ్లాంకు అందురు. తెలుగులో శూన్యపరీక్ష యనవచ్చును. అసలు అంకెనుండి దీనిని తీసివేయవలెను. కాని తీసివేత ఒక్కటే చాలదు. శూన్యపరీక్షలో 4, నమూనాలో 5 వచ్చినచో తేడా 1 అని వ్రాయుట సులభము. ఆ 4 ఒకసారి 3, ఒకసారి 5 అగుచుండిన ఆ తేడాకు అర్థమేమున్నది? అందుచేత విమర్శకుడు మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న "ఎంత దొరకినది?" అని కాదు, "శూన్యపరీక్ష ఎంత, అది ఎంత నిలుకడగా నున్నది?" అని.

ఈ ప్రశ్నను పట్టుదలతో అడిగి ప్రపంచమునకు మేలుచేసినవాడు అమెరికాకు చెందిన క్లేర్ ప్యాటర్సన్. ఉల్కలలోని సీసమును కొలిచి భూమి వయస్సు సుమారు 455 కోట్ల సంవత్సరములని 1950లలో నిర్ణయించిన శాస్త్రజ్ఞుడాయన. తన నమూనాలలో ఎక్కడినుండియో సీసము వచ్చి చేరుచుండుట గమనించి, గాలిని వడగట్టి, నీటిని మరల మరల శుద్ధిచేసి పరిశుభ్రమైన ప్రయోగశాలను కట్టెను. ఆ శుభ్రతవలననే పెట్రోలులోని సీసము లోకమంతటను వ్యాపించినదని బయటపడినది. మలినమును పట్టుకొన్నవానికి మలినమే ఒక ఆవిష్కారమైనది. అట్టి శుభ్రశాలలు నేడు మన తెలుగునాటను కలవు. హైదరాబాదులో భాభా అణు పరిశోధనా కేంద్రమునకు చెందిన నేషనల్ సెంటర్ ఫర్ కాంపోజిషనల్ క్యారెక్టరైజేషన్ ఆఫ్ మెటీరియల్స్ లేశమాత్ర విశ్లేషణమునకే ఏర్పడిన సంస్థ.

దేనితో భాగింపవలెను?

లోహపు అంకె సరిగా దొరకినదనుకొందము. అది ఒంటరిగా నిలువదు. ఎంత పొరలో అంత జింకు? కొందరు మొత్తము ప్రోటీను బరువుతో, కొందరు రొడాప్సినుతో, కొందరు ఫాస్ఫోలిపిడు అను కొవ్వుతో భాగించి ప్రకటింతురు. మూడు విధముల అంకెలను ప్రక్కప్రక్కన పెట్టి, ఒకరిది ఎక్కువ, ఒకరిది తక్కువ అనుట వీసెలను గజములతో పోల్చుట వంటిది.

కొవ్వుతో భాగించుటకు ఫాస్ఫరసును కొలువవలెను. ఇచ్చట ఒక తెలుగువాని పేరు తలపునకు రాక మానదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరసును నీలిరంగు ద్వారా కొలుచు పద్ధతిని ప్రకటించెను. పొరలపై పనిచేయు ప్రయోగశాలలు దానిని, దాని సవరణలను తరతరములుగా వాడినవి. మన లెక్కలోని పొరకే దీనిని వర్తింపజేసి చూడుడు. ఒక రొడాప్సినుకు సుమారు 65 ఫాస్ఫోలిపిడు అణువులు అనుకొన్న, 15 నానోమోలులకు 975 నానోమోలుల ఫాస్ఫరసు. అనగా 30 మైక్రోగ్రాములు. జింకు మహా అయిన ఒక్క మైక్రోగ్రాము. ఫాస్ఫరసు పొరలోనే నిర్మాణభాగముగా నున్నది. జింకు వచ్చిపోవు అతిథి కావచ్చును. ఇంటివారిని లెక్కించుట సులభము. తిరునాళ్లనాడు ఇంటిలోనున్న వారందరును ఇంటివారే యనుకొనుటలోనే పొరపాటు.

కాల్షియము నేర్పిన పాఠము

లోహమెంత యున్నదో తెలిసినంతమాత్రమున అది చేయు పని తెలియదనుటకు కాల్షియము కథ చక్కని నిదర్శనము. కాల్షియము లేశలోహము కాకపోయినను, ఈ పొరలలో దాని కొలత అదే బాధలు పడినది.

చీకటిలో దండకణము వెలుపలి కవచములోని ద్వారములగుండ సోడియము లోనికి ప్రవహించును. వెలుతురు పడగానే ఆ ద్వారములు మూసికొనును. రొడాప్సిన్ ఉన్నది లోపలి బిళ్లలలో. ద్వారములున్నవి వెలుపలి కవచములో. ఈ రెంటికిని నడుమ వార్త మోయువాడు ఎవడు? 1970ల ఆరంభమున విలియం హేగిన్స్, యోషికామి అనువారు ఆ దూత కాల్షియమని ప్రతిపాదించిరి. వెలుతురు బిళ్లలనుండి కాల్షియమును విడిపించును, అది పోయి ద్వారములను మూయును అని వారి భావము. ఊహ అందమైనది. అది నిజమగుటకు బిళ్లలలో తగినంత కాల్షియము నిలువ యుండవలెను. కావున అనేక ప్రయోగశాలలు బిళ్లలను తీసి కొలిచినవి. ఒకరికి రొడాప్సిను ఒక్కింటికి ఒకటికి మించిన కాల్షియము, ఇంకొకరికి అందులో చిన్న అంశము మాత్రమే దొరకినది. తేడాకు ముఖ్యకారణము కడిగిన ద్రావణములే. కాల్షియము ఎక్కువగా గల నీటిలో పొర దానిని పీల్చుకొనును. తక్కువగా గల నీటిలో వదలును. పరిశోధకుడు కొలిచినది సజీవమైన కంటిని కాదు, తన గిన్నెనే యని చెప్పవలసివచ్చెను.

కడుగుట యను పీడను తప్పించుటకై కొందరు దృష్టిపటలమును క్షణములో గడ్డకట్టించి, పలుచని ముక్కలుగా కోసి, ఎలక్ట్రానుల కిరణము తగిలించి వెలువడు ఎక్సురేలనుబట్టి ఏ మూలకము ఎచ్చటనున్నదో చూచిరి. సొమ్ల్యో, వాల్ట్స్ అనువారు 1985లో కప్ప దండకణములపై ప్రకటించిన పని ఈ జాతికి చెందినదే. ప్రోటానుల కిరణముతోను ఇట్టి పరీక్ష చేయవచ్చును. మన పొరుగున భువనేశ్వరములోని భౌతికశాస్త్ర సంస్థలో అందుకు తగిన వేగయంత్రము కలదు.

అదే 1985లో దూత యెవరో తేలినది. ఫెసెంకో, కొలెస్నికోవ్, ల్యూబార్స్కీ అను సోవియటు శాస్త్రజ్ఞులు, చక్రీయ జీఎంపీ అను చిన్న అణువే ద్వారములను తెరచియుంచునని చూపిరి. వెలుతురు దానిని నశింపజేయును, ద్వారములు మూసికొనును. ఆ సంవత్సరమే యావ్, నకటాని అనువారు వెలుతురులో కణములోపలి స్వేచ్ఛా కాల్షియము హెచ్చుటకు బదులు తగ్గునని చూపిరి. అనగా ప్రతిపాదన దిక్కే తలక్రిందైనది. అయినను కాల్షియము నిరుపయోగి కాలేదు. ఆ తగ్గుదలయే కణము మరల సిద్ధమగుటకును, వెలుతురునకు అలవాటుపడుటకును తోడ్పడునని తరువాత తెలిసినది. హేగిన్సు ఊహ తప్పిపోయినను దానిని పరీక్షించుటకై పుట్టిన పనియంతయు శాస్త్రమునకు లాభమే. తప్పైనది ఊహించుట కాదు. మొత్తము కొలతను చూచి పనిని నిర్ణయించుట.

స్ఫటికములో కనబడిన జింకు

ఇక జింకునకే మరలుదము. రొడాప్సిన్ జింకును అసలు పట్టుకొనునా? పట్టుకొనుననుటకు ఆధారములున్నవి. శుద్ధిచేసిన రొడాప్సినును, బిళ్లల పొరలును జింకును నేరుగా బంధించునని షుస్టరు, సహచరులు 1992లో ప్రకటించిరి. 2000లో పాల్చెవ్స్కీ, ఒకాడా మొదలగువారు పశువు రొడాప్సినుయొక్క స్ఫటిక నిర్మాణమును వెల్లడించినప్పుడు అందు జింకు అయానులు కనబడినవి. ఇంతకంటె సాక్ష్యమేమి కావలెనని పాఠకుడు అనుకొనవచ్చును.

కాని ఆ రొడాప్సినును శుద్ధిచేయుటకు వాడిన విధానములో జింకు లవణమును బుద్ధిపూర్వకముగానే కలుపుదురు. ఇది ఆ పరిశోధకులు దాచిన విషయము కాదు. తమ పద్ధతిలో స్పష్టముగా వ్రాసినదే. మనము పోసిన పాలు కుండలో కనబడినవని ఆవు ఈనినదనరాదు. స్ఫటికము చెప్పుచున్నది రొడాప్సినులో జింకు కూర్చుండదగిన పీటలున్నవని మాత్రమే. సజీవమైన కంటిలో ఆ పీటపై జింకు కూర్చున్నదా యనునది వేరు ప్రశ్న.

పీట యున్నంతమాత్రమున దాని ప్రయోజనముపై ఏకాభిప్రాయము లేదనుటకు రెండు పరిశోధనలను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. 2003లో స్పెయినుకు చెందిన డెల్ వాయే, గారిగా ప్రభృతులు జింకు కలిపినచో రొడాప్సిన్ వేడికి నిలుచు శక్తి తగ్గుననిరి. మరుసటియేడు అమెరికాకు చెందిన స్టోయనోవిచ్, హ్వా ప్రభృతులు, పొరను దూసికొనిపోవు భాగమున జింకు కట్టుబడు స్థానము రొడాప్సిన్ నిలుకడకు కీలకమనిరి. రెండును ఒకే ప్రసిద్ధ పత్రికలో వచ్చినవి. ఎవరో ఒకరు తప్పు చేసిరని తొందరపడనక్కరలేదు. మొదటివారు బయటనుండి జింకును కలిపిరి. అది పలుచోట్ల అంటుకొని ఉండవచ్చును. రెండవవారు జింకును పట్టు ఆమ్లపు భాగములను మార్చి చూచిరి. అట్లు మార్చినప్పుడు పోయినది జింకు ఒక్కటేనా, నిర్మాణమునకు కావలసిన వేఱొక బంధమును తెగినదా అని అడుగుటకు చోటున్నది. ఈ రెంటి నడుమ తీర్పు చెప్పవలసినది, మార్పులేని సజీవపు పొరలో ఒక రొడాప్సినుకు ఎంత జింకు ఉన్నదను శుద్ధమైన కొలతయే. తిరిగి తిరిగి మనము వెనుక బల్లమీది విద్యార్థి ప్రశ్నకే వచ్చితిమి.

దండకణములలో జింకునకు నిస్సందేహమైన ఒక నివాసము కలదు. చక్రీయ జీఎంపీని విరుగగొట్టు ఫాస్ఫోడయెస్టరేసు అను ఎంజైము జింకును గట్టిగా పట్టుకొనునని 2000లో చూపబడినది. అయితే ఆ ఎంజైము కొన్ని వందల రొడాప్సిన్లకు ఒకటి చొప్పున మాత్రమే యుండును. దానిలోని జింకును రొడాప్సినుకు జమకట్టినచో లెక్క తప్పును.

కాలేయమునుండి కంటికి

పాఠ్యపుస్తక ధోరణిలో ఇంకొక దాటవేత కలదు. "విటమిన్ ఏను దృష్టికి పనికివచ్చు రూపమునకు మార్చు ఎంజైము జింకు ఎంజైము" అని తరచు వ్రాయుదురు. దీని మూలము 1950లలో జరిగిన గొప్ప పని. గుఱ్ఱపు కాలేయములోని ఆల్కహాల్ డీహైడ్రోజనేసు జింకు గల ఎంజైమని వల్లీ, హోక్ అనువారు చూపిరి. విటమిన్ ఏ కూడ ఒక ఆల్కహాలే కనుక కంటిలోని ఎంజైము కూడ అట్టిదే అయి యుండునని పలువురు తలచిరి. ఆనాటికది అన్యాయమైన ఊహ కాదు.

కాని దండకణములలోను, రంగుపొరలోను ఈ పని చేయు ముఖ్యమైన ఎంజైములు వేఱొక కుటుంబమునకు చెందినవని ఇప్పుడు తెలిసినది. వాటిని హ్రస్వశృంఖల డీహైడ్రోజనేసులందురు. వాటి రసాయనక్రియకు జింకు అక్కరలేదు. పని ఒకటైనంతమాత్రమున పనిముట్టు ఒకటి కానక్కరలేదు. బావిలోనుండి ఏతాముతోను నీరు తోడవచ్చును, పంపుతోను తోడవచ్చును. ఏతాములో కఱ్ఱ యున్నది కాబట్టి పంపులోను కఱ్ఱ యుండవలెననుట తర్కము కాదు. ఈ వాక్యము ఇంకను మన నోట్సులలో నిలిచియుండుట విచారకరము. ఉపాధ్యాయులు దీనిని సరిదిద్దవలెనని నా మనవి.

రేచీకటి మాట

ఇంతవఱకు వచ్చిన పాఠకుడు, "అట్లయిన రేచీకటికిని జింకుకును సంబంధమే లేదా?" అని అడుగవచ్చును. ఉన్నది, కాని ప్రకటనలలో చెప్పు దారిన కాదు. జింకు చాలని ఎలుకలలో రక్తమందలి విటమిన్ ఏ తగ్గునని 1973లో చూపిరి. కాలేయవ్యాధి గలవారిలో కొందరికి జింకు లోపమువలన చీకటికి చూపు అలవాటుపడుట మందగించి, జింకు ఇచ్చిన తరువాత మెఱుగుపడినదని 1978లో ప్రకటితమైనది. మనకు పొరుగైన నేపాలులో రేచీకటి గల గర్భిణులపై జరిపిన పరీక్ష ఫలితములు 2001లో వచ్చినవి. జింకు ఒక్కటే ఇచ్చినప్పుడు చూపు తిరిగిరాలేదు; రక్తములో జింకు తక్కువగా నున్నవారికి విటమిన్ ఏతో కలిపి ఇచ్చినప్పుడు మేలు కనబడినది. అనగా జింకు లోపమున్నచోట విటమిన్ ఏ పనికి అది తోడు. విటమిన్ ఏకు మారు కాదు.

ఈ భేదము మనకు ప్రాణప్రదమైనది. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన పోషణ పరిశోధనాలయము, నేటి జాతీయ పోషకాహార సంస్థ, చిన్నపిల్లలకు ఆరునెలలకొకసారి విటమిన్ ఏను పెద్దమోతాదులో నిచ్చు విధానమును పరీక్షించి చూపినది. దాని ఆధారముననే 1970లో దేశవ్యాప్తముగా కార్యక్రమము ఆరంభమైనది. సంధ్యవేళ గడప తట్టుకొని పడుచున్న బిడ్డకు, దృష్టిపటలములో జింకు మెండుగా నున్నదను మాట నమ్మి తల్లి జింకు మాత్ర కొని ఊరకున్నచో నష్టపోవునది ఆ బిడ్డ కన్ను. రేచీకటి తరువాత మెట్టు తెల్లగ్రుడ్డుపై మచ్చలు, ఆ తరువాతిది నల్లగ్రుడ్డు మెత్తబడి చూపు పోవుట. అట్టి బిడ్డను ఆరోగ్యకేంద్రమునకు తీసికొనిపోవుటయే కర్తవ్యము.

పెద్దవయస్సున మచ్చపొర క్షీణించు వ్యాధిలో జింకు గల మందు కొందరికి వ్యాధివేగమును తగ్గించినదని 2001లో అమెరికాలో తేలినది. అందు వాడినది రోజుకు 80 మిల్లీగ్రాములు. అంత జింకు రాగి శోషణమును అడ్డగించును కనుక ఆ మందులో రాగిని కూడ చేర్చిరి. కొన్ని స్థితులలో, వైద్యుని పర్యవేక్షణలో మేలుచేసిన మందు అందరి చూపునకు బలమను మాట ఎట్లగును?

మన జిల్లాలకు దీనితో పని యేమి?

రొడాప్సిన్ పొర యెక్కడ, శ్రీకాకుళము విజయనగరము పాఠశాల లెక్కడ అనిపింపవచ్చును. కాని లేశలోహముల కొలత మన గడపలోనికి ఎప్పుడో వచ్చినది. ఉద్దానములో, కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలములలో మూత్రపిండముల వ్యాధి ఇంటింటిని కలచివేసినది. నీటిలోను, నేలలోను లోహములను వెదకిన పరీక్షలు అనేకము జరిగినవి. ఒక్క కారణమని శాస్త్రము ఇంకను తీర్పు చెప్పలేదు. అట్టిచోట ఒక బావినీటిలో ఫలానా లోహము ఇంత యున్నదను వార్త పత్రికలో పడినప్పుడు గ్రామమంతయు ఆ బావిని విడిచిపెట్టును. లేదని వచ్చినచో అదే నీరు నమ్మి త్రాగును. ఆ అంకె వెనుక శూన్యపరీక్ష యున్నదా, సీసా ఎట్టిది, మూత రబ్బరుదా యని అడుగగలవాడు ఆ ఊరిలో ఒక్కడైనను ఉండవలెను. ఆ ఒక్కడు మన హైస్కూలులో చదివినవాడే కావలెను.

ఇందుకు ఖరీదైన యంత్రము అక్కరలేదు. రెండు శుభ్రమైన పరీక్షనాళికలలో అయిదేసి మిల్లీలీటర్ల స్వేదనజలము పోయుడు. ఒకదానిలో విద్యార్థి తన వ్రేలిని ముంచి కదలించి తీయవలెను, రెండవదానిని ముట్టరాదు. రెంటిలోను రెండేసి చుక్కల వెండినైట్రేటు ద్రావణము వేయుడు. వ్రేలు ముంచిన నీరు తెల్లగా మసకబాఱును. రెండవది తేటగా నిలుచును. చెమటలోని ఉప్పే దీనికి కారణము. "ఈ నీటిలో క్లోరైడు ఉన్నదా?" అని అడుగుడు. ఉన్నదనియే తరగతి చెప్పును. "అది నీటిదా, నీదా?" అని మరల అడుగుడు. ముట్టని నాళిక లేనిచో ఆ రెండవ ప్రశ్నకు జవాబు లేదని వారే కనుగొందురు.

కంటి పొరలలో లోహములను కొలిచినవారు నూఱేండ్ల సూక్ష్మకృషికి వారసులు. వారి అంకెలను కాదనుట నా ఉద్దేశము కాదు. అంకె వెంట అది పుట్టిన గిన్నెను, కడిగిన నీటిని, భాగించిన హారమును కూడ చూపవలెనని మాత్రమే కోరుచున్నాను. వెనుక బల్లమీది ఆ విద్యార్థికి నేనివ్వవలసియుండిన సమాధానము ఇది: "నాయనా, పొరలోని జింకును కొలుచుట కంటె, పొరలోనిది కాని జింకును కొలుచుట కష్టము. ముందు దానిని కొలిచినవాని మాటను నమ్ముము."